ఫ్రమ్ రష్యా విత్ లవ్, గోల్డ్‌ఫింగర్: పాత బాండ్లలో ఏది మేలు?

షాన్ కానరీ జేమ్స్ బాండ్ సినిమాల్లో ఒక్కటే చూడాలంటే ఏది అని అడగండి, పదిమందిలో ఎక్కువమంది ‘గోల్డ్‌ఫింగర్’ (1964) అనేస్తారు. నా ఓటు మాత్రం దానికి ముందు ఏడాది వచ్చిన ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’ (1963)కే. హీరో అతనే, నేపథ్య సంగీతం జాన్ బారీదే, ఎడిటర్ పీటర్ హంటే. దర్శకుడు మాత్రం మారాడు, టెరెన్స్ యంగ్ పోయి గై హామిల్టన్ వచ్చాడు. ఆ ఏడాదిలోనే గూఢచారి సినిమా దారి కూడా మారిపోయింది.

‘రష్యా’ కథ చాలా చిన్నది. ఇస్తాంబుల్‌లోని సోవియట్ కాన్సులేట్‌లో పనిచేసే తాత్యానా అనే అమ్మాయి, లెక్టర్ అనే సంకేతలిపి యంత్రం తెచ్చిస్తానని, కానీ తనని తీసుకెళ్లడానికి బాండే రావాలని కబురు పెడుతుంది. ఇందులో ఏదో వల ఉందని లండన్‌లో పైవాళ్లకీ అనుమానమే, బాండ్‌కీ అనుమానమే. అయినా వెళతాడు. వల వేసిందెవరో అతనికి తెలీదు, మనకి తెలుసు. ఇయాన్ ఫ్లెమింగ్ 1957 నవల్లో ఆ పని చేసింది రష్యన్లే. సినిమావాళ్లు దాన్ని స్పెక్టర్ అనే ప్రైవేటు ముఠాకి అంటగట్టారు. రెండు అగ్రరాజ్యాల మధ్య పుల్ల పెట్టి లాభపడే ముఠా అన్నమాట. కథకి ఇది మేలే చేసింది.

ఈ సినిమాకి ప్రాణం స్పెక్టర్ పంపిన హంతకుడు గ్రాంట్‌గా రాబర్ట్ షా వేసిన పాత్ర. ఇస్తాంబుల్ అంతా బాండ్ వెనకే తిరుగుతుంటాడు, మాట్లాడడు. జిప్సీల గుడారాల దగ్గర కాల్పులు జరుగుతుంటే బాండ్ మీదకొచ్చిన ఒకణ్ణి కాల్చి అతని ప్రాణం కూడా కాపాడతాడు, ఎందుకంటే యంత్రం చేతికొచ్చేదాకా బాండ్ బతికుండాలి. ఓరియంట్ ఎక్స్‌ప్రెస్‌లో మాత్రం బ్రిటిష్ ఏజెంట్ వేషంలో తియ్యగా మాట్లాడుతూ బాండ్ పక్కనే కూర్చుని భోంచేస్తాడు. చేపతో పాటు ఎర్ర వైన్ అడుగుతాడు. ఇంగ్లీషు పెద్దమనిషి చెయ్యని పని అది. ఆ తరవాత ఇరుకు పెట్టెలో జరిగే ఫైటుకి నేపథ్య సంగీతం లేదు. లైటు పగిలిపోయి, నీలం వెలుతురులో ఇద్దరు మనుషులు ఒకరినొకరు చంపుకోవడానికి నిజంగానే తంటాలు పడతారు. మొదట్లో క్యూ శాఖ ఇచ్చిన బ్రీఫ్‌కేసు ఇక్కడే పనికొస్తుంది. అందులో బంగారు నాణేలూ, కత్తీ, తప్పుగా తెరిస్తే పేలే గ్యాస్ డబ్బా ఉంటాయి. కానీ గ్రాంట్ చేత ఆ పెట్టె తెరిపించడానికి బాండ్ అతని ఆశని వాడుకోవాలి. పెట్టె ఉంటే చాలదు, బుర్ర కూడా వాడాలి. నా మొగ్గు ఇటు ఉండడానికి సగం కారణం ఇదే.

ఇస్తాంబుల్‌లో బాండ్‌కి తోడుండే కెరీమ్ బేగా వేసిన మెక్సికన్ నటుడు పెడ్రో అర్మెందారిజ్ అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నాడు, సినిమా విడుదలకి ముందే పోయాడు. తెరమీద ఆ జబ్బు జాడ కూడా లేదు. సినిమాలో మనకి దగ్గరైపోయే మనిషి ఎవరంటే అతనే.

లోపాలు లేవా అంటే, ఉన్నాయి. జిప్సీ గుడారాల దగ్గర ఒకే మగాడి కోసం ఇద్దరాడవాళ్లు కొట్టుకునే సీను కథకి అక్కర్లేదు, కళ్లకి విందని పెట్టారంతే. గ్రాంట్ చచ్చాక కథ అయిపోయింది, అయినా ముందు హెలికాప్టర్, ఆ తరవాత పడవల ఛేజింగ్. ఆ హెలికాప్టర్ని చూస్తుంటే 1959లో హిచ్‌కాక్ ‘నార్త్ బై నార్త్‌వెస్ట్’లో పొలంలో హీరోని తరిమిన విమానం గుర్తురాక మానదు, పోల్చుకుంటే ఇది తేలిపోతుంది.

ఇక ‘గోల్డ్‌ఫింగర్’. షర్లీ బాసీ పాట, ఒంటినిండా బంగారు పూతతో మంచం మీద చచ్చిపడున్న అమ్మాయి, సీటుతో సహా మనిషిని పైకి విసిరేసే ఆస్టన్ మార్టిన్ డీబీ5, కాళ్ల మధ్య నుంచి పైకి పాకివచ్చే లేజర్. సినిమా చూడనివాళ్లకి కూడా ఇవి తెలుసు. అమెరికా ప్రభుత్వం బంగారం దాచే ఫోర్ట్ నాక్స్ ఖజానా లోపలికి రానివ్వకపోతే కళాదర్శకుడు కెన్ ఆడమ్ తన ఊహతోనే బంగారపు గోపురంలాంటి సెట్టు వేశాడు. నాకైతే వీటన్నిటికన్నా గోల్ఫ్ ఆటే ఇష్టం. విలన్ గోల్డ్‌ఫింగర్ బంతి మార్చి మోసం చేస్తే, బాండ్ అతని బంతినే మార్చేసి గెలుస్తాడు. నవల్లోని పెద్ద చిక్కునీ సినిమావాళ్లే దిద్దారు. అంత బంగారం మోసుకుపోవడం అయ్యే పని కాదు, అందుకని దొంగతనం బదులు అణుబాంబు. ఫోర్ట్ నాక్స్ బంగారం 58 ఏళ్లు ఎవరూ ముట్టుకోలేనిదైపోతే గోల్డ్‌ఫింగర్ నిల్వల విలువ పెరిగిపోతుంది. తిరుగులేని పథకం!

అసలు చిక్కు హీరోతో. సినిమా సగానికొచ్చేసరికి బాండ్ ఖైదీ. కెంటకీలో విలన్ గుర్రాల ఫారంలో కూర్చోబెట్టిన చోట కూర్చుంటాడు. బయటికి పంపిన చీటీ కాస్తా కారుతో పాటు నలిగి ముద్దైపోతుంది. ఆఖరికి బాంబు ఆపేది కూడా అతను కాదు, ఇంకెవరో వచ్చి మీట నొక్కుతారు, అంకె 007 దగ్గర ఆగుతుంది. విలన్ అంగరక్షకుడు ఒడ్‌జాబ్‌ని చంపడం తప్ప బాండ్ చేసిన ఘనకార్యం లేదు. తెలివితక్కువ పనుల్లో విలనూ తక్కువేం కాదు: గ్యాంగుల నాయకులకి పథకమంతా బొమ్మలు కదిలించి మరీ వివరించి, వెంటనే వాళ్లని గ్యాసు పెట్టి చంపేస్తాడు. చంపేవాడికి అంత ఉపన్యాసం దేనికో! మనం వినాలని, అంతే.

దేశం నిలబడింది విలన్ దగ్గర పనిచేసే పైలట్ పుస్సీ గలోర్ మనసు మార్చుకోవడం వల్ల. ఆమె మనసు మారిందెలా? గడ్డివాములో, వద్దని తోస్తున్నా బాండ్ బలవంతం చేస్తే. ఆనర్ బ్లాక్‌మన్ ఆ పాత్రని అంత ధీమాగా నిలబెట్టాక కథ ఆమెకి చేసిన అన్యాయం ఇది. ‘రష్యా’లో కూడా బాండ్ తాత్యానా మీద చెయ్యి చేసుకుంటాడు, అదీ బాగోదు. కానీ అక్కడ కథ ఆ దెబ్బ మీద ఆధారపడి లేదు. ఇక్కడ ఆ సీను తీసేస్తే క్లైమాక్సే లేదు.

తరవాత వచ్చినవాళ్లంతా పట్టుకున్నది మాత్రం గోల్డ్‌ఫింగర్ దారినే. వింత కార్లు, వెర్రి విలన్లు, భారీ సెట్లు. తెలుగులో 1966లో ‘గూఢచారి 116’తో కృష్ణ ఆంధ్రా జేమ్స్ బాండ్ అయ్యాక మన తెరమీదా మీటలకీ డెన్‌లకీ కొదవ లేకపోయింది.

నలుగురూ చేరి కబుర్లు చెప్పుకుంటూ చూడాలంటే గోల్డ్‌ఫింగర్ పెట్టండి, మధ్యలో లేచి టీ పెట్టుకొచ్చినా నష్టం లేదు. ఒక్కరే కూర్చుని చూస్తే మాత్రం రష్యా. రెండూ చూసే తీరిక ఉంటే అదే ముందు చూడండి. ఆస్టన్ మార్టిన్ చూసొచ్చిన కళ్లకి ఆ బ్రీఫ్‌కేసు మరీ బీదగా కనిపిస్తుంది.