జాయింట్ల లెక్క సరే, ఏళ్ల లెక్కే తేడా

మూడు స్టార్లు. ప్యాకింగుకి అయితే అయిదు ఇచ్చేదాన్ని.

కొన్నది 16 ఎం.ఎం. సూపర్‌మ్యాన్ కార్టూన్ ఫిల్మ్ రీలు, ఫ్లైషర్ స్టూడియో వాళ్లది. ఆన్‌లైన్ వేలంలో 85 డాలర్లు, పోస్టేజీ 14. సెల్లర్ రాసింది ఇదీ: "1941 ఒరిజినల్ ప్రింట్, కలర్, సౌండ్, నాలుగు జాయింట్లు, కండిషన్ ఎక్సలెంట్." జాయింట్ అంటే తెగిన ఫిల్మ్‌ని అతికించిన చోటు. ఆ కార్టూన్లకి కాపీరైట్ ఎప్పుడో పోయింది. "యూట్యూబ్‌లో ఊరికే వస్తోంది కదా, దీనికి వంద డాలర్లా?" అన్నారు మావారు. ప్రొజెక్టర్ చప్పుడు యూట్యూబ్‌లో రాదుగా మరి!

డబ్బా మూత తీయగానే గుప్పున కొట్టింది, నూడుల్స్ బండి పక్కన నించున్నట్టు. వెనిగర్ వాసన. అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్మ్ కుళ్లడం మొదలైతే అసిటిక్ ఆసిడ్ బయటికొస్తుంది, ఆ ఆసిడే మిగతా ఫిల్మ్‌ని ఇంకా తొందరగా తినేస్తుంది. ఎంత పాడైందో చెప్పడానికి ఏ-డీ స్ట్రిప్స్ అని నీలం కాగితాలు దొరుకుతాయి. డబ్బాలో ఓ ముక్క వేసి ఒకరోజు మూతపెట్టాను. నీలం పోయి ఆకుపచ్చకి తిరిగింది. పసుపుదాకా వెళ్లలేదు, అదొక్కటే అదృష్టం.

మా నాన్న గుడివాడలో ఓ సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్. రీలు రివైండ్ చేసేటప్పుడు రెండు అంచులూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య జారనిచ్చేవాడు. అంచు కన్నం చిరిగిందా, జాయింట్ లేచిందా అనేది కంటికంటే ముందు వేలికే తెలిసేది. నేనూ అంతే, పల్చటి నూలు గ్లౌజు వేసుకుని మొత్తం చుట్టాను. జాయింట్లు చెప్పినట్టే నాలుగు. మూడు ఫిల్మ్ సిమెంటు అనే జిగురుతో అతికించినవి, గట్టిగా ఉన్నాయి. ఒకటి టేపుది, జిగురు కారి పక్క చుట్టుకి అంటుకుపోయింది. చిరిగిన కన్నాలు లేవు. గీతలు కొద్దిగా ఉన్నాయిగానీ, మన హాళ్లలో తెర మీద కురిసే వానతో పోలిస్తే ఇది తుంపర.

తర్వాత టైలర్ టేపు తీశాను. 16 ఎం.ఎం. ప్రింటులో 100 ఫ్రేములు సరిగ్గా 30 అంగుళాలు రావాలి. నాకు పావంగుళం తక్కువొచ్చింది. అంటే ముప్పావు శాతం పైనే ముడుచుకుంది. ఒక శాతం దాటితే ప్రొజెక్టర్‌లో ఫిల్మ్‌ని లాగే పంజా కన్నాల్ని చింపేస్తుంది. అందుకే ఒక్కసారే, భయంభయంగా వేశాను.

రంగు చూస్తే ఏడుపొచ్చింది. సూపర్‌మ్యాన్ నీలం డ్రెస్సు లేత గులాబీ, రాత్రి ఆకాశం ఇటుక రంగు. ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య నల్లగా ఉండాల్సిన గీత కూడా ఎర్రబడింది. కొడాక్ వాళ్ల ఈస్ట్‌మన్ కలర్ ఫిల్మ్ లక్షణమే ఇది: నీలం, పసుపు డైలు ముందుగా వెలిసిపోయి ఎరుపు మిగులుతుంది. దొరికిపోయింది కూడా ఇక్కడే. ప్రింట్లు తీసే ఈస్ట్‌మన్ కలర్ ఫిల్మ్ వచ్చిందే 1950లో, ఇక 1941 ప్రింటు ఎలా అవుతుంది? కొడాక్ వాళ్లదే ఆనాటి కలర్ ఫిల్మ్ కొడాక్రోమ్ అయితే చీకట్లో దాచినంతకాలం రంగు అలాగే నిలిచేది. అంచున కొడాక్ వాళ్లు వేసే చిన్న గుర్తులు చూశాను. ఫిల్మ్ ఏ ఏడు తయారైందో వాటిని బట్టి చెప్పొచ్చు, కాకపోతే అవే గుర్తులు 20 ఏళ్లకోసారి తిరిగొస్తాయి. పట్టికలో ఈ గుర్తులకి 1941, 1961 రెండూ ఉన్నాయి. మా సెల్లర్ మొదటిది చూసి ఆగిపోయాడు.

ఫోటోలు, టేపు కొలత, స్ట్రిప్ రంగు అన్నీ పంపాను. "నాకు జలుబు, వాసన తెలీలేదు" అని జవాబు. నవ్వాలో తిట్టాలో తెలీలేదు. అయినా రెండో రోజే 40 డాలర్లు వెనక్కి వేశాడు, వాదన పెట్టుకోలేదు. సౌండ్ ట్రాక్ మాత్రం గంటలా ఉంది. అందుకే తిప్పి పంపలేదు. మిగతా రీళ్లకి ఆ గాలి తగలకుండా గరాజ్‌లో వేరే అరలో, మూత కొంచెం ఓరగా పెట్టి ఉంచాను.

ఒకటిన్నర స్టార్ కోసింది వాసన దాచినందుకు, అర స్టార్ ఆ సంవత్సరానికి.

పోయిన వారం అతనే ఇంకో రీలు పెట్టాడు. ఈసారి ఏడాది రాయలేదు. చివర్లో "వాసన: కొద్దిగా" అని ఉంది.