ఎవరి నోట ఎలా పలుకుతుందో వినిపించే ఫోర్వో

అనువాదం నా వృత్తి. అందులో నన్ను ఎక్కువగా ఆపేవి కఠినమైన వాక్యాలు కావు, విదేశీ పేర్లు. వందసార్లు కంటితో చదివిన వ్యాపార నామమైనా తెలుగు లిపిలో రాయవలసి వచ్చేసరికి గుణింతం దగ్గర చేయి ఆగిపోతుంది. ‘నైక్’ అనాలా, ‘నైకీ’ అనాలా? ‘పోర్ష్’ అంటే సరిపోతుందా, చివర ఇంకొక అచ్చు ఉందా? ఇటువంటి సందేహాలు తీర్చుకోవడానికి చాలాకాలంగా వాడుతున్న ఫోర్వో అనే ఉచ్చారణ సేవ గురించి, దానివల్ల నాకు కలిగిన మేలును, అందులో నాకు కనిపిస్తున్న లోటును కలిపి ఇక్కడ రాస్తున్నాను.

స్పెయిన్‌లో పుట్టి 2008లో జనం ముందుకు వచ్చిన ఈ సేవలో యంత్రం మాట్లాడదు. ఏ భాష మాటను ఆ భాష మాతృభాషగా ఉన్నవారే తమ గొంతుతో రికార్డు చేసి చేరుస్తారు. ప్రతి రికార్డింగు పక్కన పలికినవారు స్త్రీయా పురుషుడా, ఏ దేశం వారు అన్న వివరం ఉంటుంది. వెతికిన మాట దొరకకపోతే దాన్ని పలికి వినిపించమని కోరవచ్చు. పైకి చిన్నదిగా కనిపించే ఆ దేశం వివరమే నా దృష్టిలో ఈ సేవకు ప్రాణం. ‘ఇది సరైన ఉచ్చారణ’ అని తేల్చి చెప్పేవి ఎన్నో ఉన్నాయి గాని, ‘ఇది ఫలానా చోటివారి ఉచ్చారణ’ అని చెప్పి నిర్ణయాన్ని మనకు వదిలిపెట్టేవి తక్కువ.

క్రీడా బూట్ల కంపెనీ అడిడాస్ పేరునే తీసుకుందాం. 1949లో ఆ కంపెనీని స్థాపించిన అడాల్ఫ్ డాస్లర్‌ను దగ్గరివారు ‘అడి’ అని పిలిచేవారు. ఆ ముద్దుపేరూ ఇంటిపేరులోని మొదటి మూడు రోమన్ అక్షరాలూ కలిసి కంపెనీ పేరయ్యాయి. ఈ సంగతి తెలిసి జర్మన్ ఉచ్చారణ వింటే, ఊనిక, అంటే పలుకులోని బలం, మొదటి అక్షరం మీదే ఎందుకు పడుతుందో వెంటనే అర్థమవుతుంది. ఆ నోట అది ‘అదిదస్’కు దగ్గరగా, మూడు పొట్టి అక్షరాలుగా, మొదటిది కాస్త బలంగా వినిపిస్తుంది. అమెరికన్ల నోట ఊనిక రెండో అక్షరానికి జారి, ‘అడీడస్’ అన్నట్టు మధ్య అచ్చు సాగుతుంది. ఈ తమ్ముడితో విడిపోయిన అన్న రుడాల్ఫ్ డాస్లర్ 1948లో పెట్టిన కంపెనీ ప్యూమా. దాన్ని జర్మన్లు ‘పూమా’ అంటారు, బ్రిటిష్ వారు ‘ప్యూమా’ అంటారు. ఒకే ఇంట పుట్టిన రెండు పేర్లు సరిహద్దులు దాటేసరికి ఇలా రూపు మార్చుకోవడాన్ని చెవితో పోల్చి చూడగలగడం, చదివి తెలుసుకోవడం కంటే ఎంతో లోతుగా మనసులో నిలుస్తుంది.

హ్యుందాయ్ విషయం ఇంకా విలువైనది. కొరియా భాషలో ఈ మాటకు ‘ఆధునికత’ అని అర్థం. కొరియన్ల నోట మొదటి భాగం ‘హ్యొన్’కు దగ్గరగా ఉన్నా, అందులోని అచ్చు మన ‘అ’కూ ‘ఒ’కూ నడుమ ఎక్కడో నిలుస్తుంది. రెండో భాగం కచ్చితంగా ‘దే’యే గాని ‘దాయ్’ కాదు. అమెరికాలో దాన్ని ‘సండే’తో ప్రాస కలిపి ‘హన్‌డే’ అంటారు. బ్రిటన్‌లో చాలాకాలం ‘హై-అన్-డై’ అన్నట్టు పలికారు. ఆ పలుకుబడిని కొరియన్ ఉచ్చారణకు దగ్గర చేయాలని కంపెనీ 2023లో అక్కడ ప్రత్యేకంగా ప్రచారం చేసింది. మనం రాసే ‘హ్యుందాయ్’ ఆంగ్ల అక్షరాలను చూసి రాసినదే తప్ప ఆ మాటను విని రాసినది కాదు. అలాగని వాడుకలో స్థిరపడిన వర్ణక్రమాన్ని ఇప్పుడు మార్చమని నేను అనను. కాని కొత్తగా వచ్చే పేరును మొదటిసారి తెలుగులో రాసేవారు ముందు దాన్ని వినాలని మాత్రం గట్టిగా కోరుకుంటాను.

పేరు పెట్టినవారి మాటే చివరిమాట అవుతుందా అంటే, అదీ ఎప్పుడూ జరగదు. 1987లో కంప్యూసర్వ్ సంస్థలో ‘జిఫ్’ (GIF) బొమ్మల ఫార్మాటును రూపొందించిన స్టీవ్ విల్‌హైట్, అది ‘జ’కారంతోనే పలకవలసిన మాటని 2013లో పురస్కారం అందుకున్న సందర్భంలో కూడా స్పష్టం చేశారు. అయినా ‘గిఫ్’ అనేవారు అలాగే అంటున్నారు, నిఘంటువులు రెండింటినీ ఒప్పుకున్నాయి. స్వీడన్‌లో ‘ఇకేయా’గా ఉన్న పేరు ఆంగ్లంలో ‘ఐకియా’ అయి స్థిరపడింది. ఇటువంటి చోట్ల రెండు గొంతులనూ పక్కపక్కన ఉంచడం కంటే న్యాయమైన పద్ధతి లేదు.

నిత్యం వాడే మాటలకూ ఇదే వర్తిస్తుంది. బ్రిటిష్ వారి ‘షెడ్యూల్’, అమెరికన్ల ‘స్కెజూల్’ రెండూ ఇక్కడ వినిపిస్తాయి. ‘ఆఫెన్’ అనేవారూ, ‘ఆఫ్టెన్’ అని ‘ట’కారాన్ని పలికేవారూ ఇద్దరూ ఉంటారు. దీనికి ముందు నేను వాడిన ఒక నిఘంటువు యాప్‌లో ప్రతి మాటకూ ఒకే యంత్రస్వరం ఉండేది. ‘రికార్డ్’ అన్న మాట నామవాచకమైతే ఊనిక మొదటి భాగం మీద, క్రియ అయితే రెండో భాగం మీద పడాలి. ఆ యాప్ రెండింటినీ ఒకేలా పలికేది, నేనూ ఏళ్ల తరబడి అలాగే పలికాను. తెలుగులో ఊనికను బట్టి మాట అర్థం మారదు కాబట్టి మన చెవి ఆ తేడాను తనంతట తాను పట్టుకోదు, మన లిపిలో దాన్ని చూపే గుర్తూ లేదు. అచ్చులనూ హల్లులనూ తెలుగు అక్షరాల్లో చాలావరకు రాసి చూపవచ్చు, ఊనికను మాత్రం వినిపించవలసిందే. మాతృభాషగా పలికే నలుగురి గొంతులు వరసగా వినడం నాకు ఈ విషయంలో వ్యాకరణ పుస్తకాల కంటే ఎక్కువ ఉపకరించింది.

లోట్లు లేకపోలేదు. రికార్డింగుల నాణ్యత ఒక్కటిగా ఉండదు: ఒకటి గది నిశ్శబ్దంలో స్పష్టంగా ఉంటే మరొకటి గాలి హోరుతో వస్తుంది. మాట ఎక్కువగా విడిగానే వినిపిస్తుంది కాబట్టి, వాక్యంలో పక్క మాటలతో కలిసినప్పుడు దాని రూపం ఎలా మారుతుందో అన్నిసార్లూ తెలియదు. వీటికంటే నాకు పెద్ద అభ్యంతరం ఓట్ల పద్ధతి మీద ఉంది. విన్నవారు ‘బాగుంది’, ‘బాగాలేదు’ అని ఓటు వేయగలిగినప్పుడు, రికార్డింగు స్పష్టతకు పడిన ఓటునూ యాసను మెచ్చి వేసిన ఓటునూ విడదీసి చూడలేము. ఎక్కువమందికి అలవాటైన యాస పైకి వెళ్లి, అంతే సహజమైన మరో యాస కిందికి దిగితే, ఈ సేవకు ప్రాణమన్న గుణమే దెబ్బతింటుంది.

తెలుగు మాటలూ ఇందులో ఉన్నాయి గాని, పెద్ద ఐరోపా భాషలతో పోలిస్తే గొంతులు తక్కువ. ఈ లోటు నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే మన లిపి దాచే ధ్వనులు మనకూ ఉన్నాయి. ‘చలి’లోని ‘చ’ను నాలుక కొనను పళ్ల వైపు ఆనించి పలుకుతాం, ‘చిలుక’లోని ‘చ’ను అంగిలి దగ్గర పలుకుతాం. ఈ తేడా చూపే ‘ౘ’ అక్షరం వాడుక నుంచి తప్పుకుంది కాబట్టి, కొత్తగా తెలుగు నేర్చుకునేవారికి రెండూ కాగితం మీద ఒకటే. ‘చలి’ని కూడా ‘చిలుక’లాగే పలికే తెలుగువారూ ఉన్నారు, వారిదీ తెలుగే. నేను ఈ రెండు మాటలనూ నా అలవాటు ప్రకారం పలికి రికార్డు చేశాను. మరోలా పలికేవారు కూడా తమ గొంతును పక్కన చేరిస్తే, ఆ మాటను వెతికి వచ్చినవారికి రెండు పలుకులూ ఒకచోటే వినిపిస్తాయి.