అంధ యువతి ఆంధ్ర యువతి అయిన జిరాక్స్ షాపు

హనుమకొండ అదాలత్ దగ్గర కోర్టు చుట్టూ జిరాక్స్ షాపులకు కొదవ లేదు. వకాలత్‌నామాలు, స్టాంపులు, అఫిడవిట్ టైపింగ్ అన్నీ అక్కడే అయిపోతాయి. నేను చెప్పేది రోడ్డు మీది షాపు కాదు. పక్క గల్లీలోకి తిరిగి, మిర్చి బజ్జీల బండి వాసన దాటాక ఎడమ చేతి వైపు మూడోది. బోర్డు మీద ఏం పేరుందో తెలియదు. నాకు కనపడదు కాబట్టి తెలియదనుకోకండి, కనపడేవాళ్లను అడిగినా ఎండకు రంగు పోయిందనే అన్నారు. మేమంతా గల్లీ జిరాక్స్ అంటాం.

నాకు యాభై మూడేళ్లు, క్రిమినల్ సైడ్ ప్రాక్టీసు. చిన్నప్పుడు రేచీకటి అన్నారు, తర్వాత రెటినైటిస్ పిగ్మెంటోసా అన్నారు, నలభై దాటేసరికి పగలు కూడా రాత్రే అయింది. కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ పెట్టుకుని వింటూ చదువుతాను. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అది, చూపులేని ఇద్దరు ఆస్ట్రేలియా కుర్రాళ్లు 2006లో మొదలుపెట్టారు, పైసా ఖర్చు లేదు. దాంతో వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు కూడా చదువుతుంది, జలుబు చేసిన మరమనిషి చదివినట్టు. అలవాటయ్యాక నాకు మనుషులు చదివితేనే నెమ్మదిగా అనిపిస్తుంది.

చిక్కంతా కాగితంతోనే. స్కాన్ చేసిన పేజీ ఇస్తే ఆ గొంతుకు అందులో బొమ్మ తప్ప అక్షరం దొరకదు. పైకి తెలుగు కనిపించినా లోపల ఇంగ్లిషు అక్షరాలే ఉండే అను ఫాంట్లలో కొట్టిన పాత ఫైలు ఇస్తే ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలిపి దయ్యం వదిలించే మంత్రంలాగా చదువుతుంది. కోర్టులో నాకిచ్చే కాపీలు ఎక్కువగా ఈ రెండు రకాలే. ‘కాపీ ఇచ్చాం కదా సార్’ అంటారు. ఇచ్చారు, కాదనను.

కాగితాన్ని చదవగలిగే ఫైలుగా మార్చి ఇచ్చేవాళ్ల కోసం ఊరంతా తిరిగి చివరికి ఇక్కడ తేలాను. షాపాయన పాత డీటీపీ మనిషి, పేజ్‌మేకర్ కాలం నుంచి ఉన్నాడు. ఈ పని చేసేది ఆయన బిడ్డ, డిగ్రీ చదువుతోంది. నేను రెండోసారి వెళ్లేటప్పటికే తన కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ ఎక్కించుకుని కూర్చుంది. ‘అంకుల్, మీకెట్ల వినవడ్తదో నాక్కూడ ఇనాలె గద’ అంది. ఈ ఒక్క మాటకే నేను ఐదు చుక్కలు ఇచ్చేసేవాణ్ణి. ఆగండి, తగ్గించే సంగతులు కూడా ఉన్నాయి.

ఈసారి మూడు పనులు ఇచ్చాను. లా విద్యార్థులకు ఒక క్లాసు చెప్పమన్నారు, విషయం నన్నే ఎంచుకోమన్నారు. అమెరికాలో జమీలియా మోర్గాన్ అనే న్యాయశాస్త్ర ఆచార్యురాలు ఉన్నారు. వైకల్యం, జాతి, పోలీసులు, జైళ్లు, ఈ నాలుగూ కలిసే చోటే ఆమె పని. చికాగో దగ్గరి నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో పాఠం చెబుతారు, జాతి న్యాయం, వైకల్య న్యాయం రెండింటికీ కలిపి అక్కడొక కేంద్రం పెట్టి నడుపుతున్నారు. అంతకుముందు కనెక్టికట్‌లో, ఇర్వైన్‌లో చెప్పారు. ఇంకా ముందు జైలు కేసులు చేసిన వకీలు. శరీర వైకల్యం ఉన్న ఖైదీలను ఒంటరి గదుల్లో పెడితే వాళ్లకేమవుతుందో 2017లో అమెరికా పౌరహక్కుల సంఘం ఏసీఎల్‌యూ కోసం నివేదిక రాశారు. కోర్టు బల్లల నుంచి క్లాసు బల్లలకు వెళ్లిన మనిషి కాబట్టి నాకు గురి కుదిరింది, క్లాసుకు ఆమె పనినే ఎంచుకున్నాను.

మొదటి పని ఆమె వ్యాసాలు రెండు, కలిపి నూరు పేజీల పైమాటే. పీడీఎఫ్‌లో అక్షరాలు ఉన్నాయి, స్కానింగ్ అక్కర్లేదు. మరి షాపుకెందుకు అంటే, అమెరికా లా జర్నల్ పేజీలో పైన నాలుగు లైన్ల మాట ఉంటే కింద ఇరవై లైన్ల ఫుట్‌నోట్లు. చూసేవాడు కళ్లతో దాటేస్తాడు. నా గొంతు ఏదీ వదలదు. ఒక వాక్యం సగంలో ఉండగా పేజీ మారుతుంది, వెంటనే ఫుట్‌నోట్ నంబరు, ‘సీ ఐడీ’, ఇంకో నంబరు, మళ్లీ ‘సీ ఐడీ’. పైన చెప్పిందే చూడు అని దానర్థం, ‘ఐడీ’ అన్నది ఇంగ్లిషు లా రాతల్లో పెట్టే లాటిన్ పొట్టిమాట. నా చెవికి మాత్రం రాత్రి చౌరస్తాలో బండి ఆపి ఐడీ చూపించమన్నట్టే ఉంది. వ్యాసం కూడా పోలీసులు మనుషుల్ని ఆపడం గురించే. ఒక్క పేజీలో తొమ్మిది సార్లు ఆపారు నన్ను.

ఆ అమ్మాయి ఏం చేసిందంటే, ఫుట్‌నోట్లన్నీ కోసి వేరే ఫైలులో వరుసగా పెట్టింది. అసలు వ్యాసంలో నోటు ఉన్నచోట చిన్న గుర్తు మాత్రం ఉంచి, ఆ గుర్తు దగ్గర ఎంటర్ కొడితే నోటుకు వెళ్లేలా, ఇంకోసారి కొడితే చదివిన చోటికే తిరిగొచ్చేలా లింకులు కట్టింది. ప్రతి పేజీ తలమీద వచ్చే జర్నల్ పేరు, సంపుటి నంబరు తీసేసింది. నేను ఇవేవీ చెప్పలేదు. ఒక సాయంత్రమంతా తనే విని విసుగెత్తి చేసిందట. ఆ ఫైలు నాకు రెండు రాత్రుల పని. లేకపోతే వారం.

రెండో పని ఒక పెట్టీ కేసు కాగితాలు. మా క్లయింటు ఒక తాపీ కూలీ, పుట్టుచెముడు, మాట రాదు. రాత్రి పదిన్నరకు బస్సు కోసం నిలబడ్డాడు. పేరేమిటని పోలీసు అడిగితే పలకలేదు. మళ్లీ అడిగితే చేతులు ఊపాడు. నా చేతికి వచ్చింది జిరాక్స్‌కు జిరాక్స్, అక్షరాల సగం సిరా ఎగిరిపోయినది. దాన్ని యంత్రం చదవలేక చేతులెత్తేసింది. షాపాయనే కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో లైను చదువుతుంటే బిడ్డ టైపు చేసింది. నేను పక్క స్టూలు మీదే ఉన్నాను. ‘ప్రశ్నించగా సమాధానం చెప్పక, చేతులు ఊపుతూ దురుసుగా ప్రవర్తించినాడు’ అని చదివి ఆయన ఆగిపోయాడు. ‘వకీల్ సాబ్, పోరనికి మాట రాదంటిరి గద?’ అన్నాడు. అవునన్నాను. ‘మరి చేతులు ఊపక ఏం జేస్తడు?’

మోర్గాన్ వ్యాసం ఒకదాని సారమంతా ఈ ప్రశ్నలో ఉంది. అక్కడ ‘డిజార్డర్లీ కాండక్ట్’ అని ఒక నేరం ఉంది, మన న్యూసెన్స్ కేసుకు దగ్గరి చుట్టం. ఏది క్రమం, ఏది అక్రమం అన్నది చూసేవాడి కంటిని బట్టి. నల్లవాళ్ల మీద ముందే అనుమానం ఉన్నచోట, శరీరమో మనసో నలుగురిలా కదలని మనిషి ఇంకా త్వరగా దొరికిపోతాడని ఆమె వాదన. అక్కడి జైళ్లలో 2016లో ప్రభుత్వం చేసిన సర్వేలో 38 శాతం ఖైదీలు తమకు ఏదో ఒక వైకల్యం ఉందని చెప్పారు. వందలో ముప్ఫై ఎనిమిది మంది! ఇక్కడ మావాడికి భారతీయ న్యాయ సంహిత 292 కింద పడేది వెయ్యి రూపాయల లోపు జరిమానా. కట్టేసి ఇంటికి పోదామని వాళ్లన్న నా చెవిలో పోరుతూనే ఉన్నాడు, రోజు కూలి పోతోందని. వాయిదా ఉంది, చూడాలి.

ఒక్క మాట. అక్కడి జాతిని తీసి ఆ ఖాళీలో మన కులాన్ని పెట్టేస్తే లెక్క సరిపోతుందని విద్యార్థులకు చెప్పేవాళ్లను చూశాను. సరిపోదు. దేని పుట్టుక దానిది.

మూడో పని దగ్గర వస్తుంది నా ఫిర్యాదు. పఠాన్ జమాల్ వలీ కేసు, 2021 ఏప్రిల్ 27 నాటి సుప్రీంకోర్టు తీర్పు, మన తెలుగు నేల మీది కేసే. పుట్టుకతో చూపులేని, షెడ్యూల్డ్ కులానికి చెందిన యువతి మీద 2011లో జరిగిన అత్యాచారం. ముద్దాయిని ఆమె గొంతుతో గుర్తుపట్టింది. చూపులేని సాక్షి మాటను తక్కువ చేసి చూడకూడదని, కులం, ఆడతనం, వైకల్యం ఒకే మనిషి మీద కలిసి పడినప్పుడు ఆ బరువును విడివిడిగా తూచలేమని కోర్టు చెప్పింది. 1989లో కింబర్లీ క్రెన్షా అనే నల్లజాతి న్యాయశాస్త్రవేత్త పేరు పెట్టిన ‘ఇంటర్‌సెక్షనాలిటీ’ని ఆ తీర్పులో వివరంగా చర్చించారు. యావజ్జీవం ఖాయం చేసి, అట్రాసిటీ చట్టం కింద వేసిన శిక్ష మాత్రం కొట్టేశారు, కులం కారణంగా చేశాడనడానికి సాక్ష్యం చాలలేదని. అప్పటి చట్టంలో మాట అలా ఉంది. 2016 జనవరి 26 నుంచి అమలైన సవరణతో, బాధితురాలి కులం తెలిసి చేస్తే చాలు.

ఈ తీర్పు మీద నేను అప్పట్లో తెలుగులో నోట్సు చెప్పి టైపు చేయించి పెట్టుకున్నాను. అను ఫాంటు ఫైలు పోయింది, ప్రింటు మిగిలింది. దాన్ని స్కాన్ చేసి అక్షరాలుగా మార్చి ఇచ్చారు. ఇంటికెళ్లి విన్నాను. ‘ఆంధ్ర యువతి’ అంది గొంతు. ఆమెది ఆంధ్రప్రదేశే కాబట్టి నేనే అలా చెప్పానేమో అనుకున్నాను. రెండో పేరాలో మళ్లీ ఆంధ్ర యువతి. మూడో పేరాలో ‘ఆంధ్రులైన సాక్షుల వాంగ్మూలాన్ని చిన్నచూపు చూడరాదు’ అని వచ్చేసరికి కుర్చీలో లేచి కూర్చున్నాను. అంధ అన్నచోటల్లా యంత్రం ఆంధ్ర చేసింది! పదకొండు చోట్ల. తెలంగాణ ఉద్యమంలో ఇదే కోర్టు గేటు ముందు విధులు బహిష్కరించి కూర్చున్నవాణ్ణి నేను. ఈ కాగితం పట్టుకుని పిల్లల ముందు నిలబడితే ఏమయ్యేదో.

మర్నాడు వెళ్లి చెబితే షాపాయన పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. ‘ఆ ఒక్క మాట పోతే కేసు మొత్తం పోయినట్టే గద అంకుల్’ అంది. తెలుగు పేజీలు ఆ రోజు తను పరీక్ష ఉండి వినలేదట, యంత్రం ఇచ్చింది ఇచ్చినట్టు నాన్న పంపేశాడట. దిద్ది ఇచ్చారు, డబ్బులు అడగలేదు. కాబట్టి తెలుగు కాగితాలు ఇచ్చేవాళ్లు అమ్మాయి విన్నాకే ఫైలు పంపమని గట్టిగా చెప్పండి.

ఇంకో ఫిర్యాదు, మేడారం జాతరకు చెప్పాపెట్టకుండా నాలుగు రోజులు షాపు మూశారు. నా క్లాసు ఆ తర్వాతి సోమవారం. ఫోన్ చేస్తే జంపన్న వాగు దగ్గర ఉన్నామన్నారు, వెనక డప్పుల మోతలో మిగతాది వినపడలేదు. తిరిగొచ్చాక ఫైలుతోపాటు అమ్మవారి బంగారం, అదే బెల్లం ముక్క, కాగితంలో చుట్టి చేతిలో పెట్టారు. కోపం అక్కడే కరిగింది, టెన్షన్ మాత్రం క్లాసు అయ్యేదాకా పోలేదు.

అన్నిటికంటే పెద్ద లోపం షాపు కట్టడం. రెండు మెట్లు, వాటి ముందు మోరీ మీద వదులు బండ. లోపల జిరాక్స్ మిషన్‌కూ గోడకూ మధ్య నా కర్ర అటూ ఇటూ తగులుతుంది. ఎంత వెడల్పని అడిగితే ఆ అమ్మాయి స్కేలుతో కొలిచి మూడడుగులంది. ఆ అంకె నా దగ్గర అప్పటికే ఉంది. క్లాసు కోసం పెట్టుకున్న ఇంకో అమెరికా తీర్పులో, జార్జియా రాష్ట్రంలో టోనీ గుడ్‌మన్ అనే ఖైదీ, నడుము కింద చచ్చుబడి వీల్‌చైర్‌లో ఉన్నవాడు, తనను పన్నెండడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గదిలో రోజుకు ఇరవైమూడు గంటలకు పైగా ఉంచారని, కుర్చీ తిప్పుకునే చోటు కూడా లేదని కోర్టుకెక్కాడు. 2006లో అక్కడి సుప్రీంకోర్టు, రాజ్యాంగ హక్కునే భంగపరిచిన చోట వికలాంగుల చట్టం కింద రాష్ట్రం మీద నష్టపరిహారం దావా వేయవచ్చంది. మనదగ్గర 2025 జులైలో మురుగానందం కేసు తీర్పు వచ్చింది. కండరాల జబ్బున్న తమిళ వకీలు, కోయంబత్తూరు జైల్లో పడ్డ పాట్లు. వికలాంగ ఖైదీలకు తగ్గట్టు జైళ్లను మార్చమని తమిళనాడుకు ఆదేశాలిచ్చారు.

ఇదంతా ఆ మూడడుగుల సందులో నిలబడే చెప్పాను షాపాయనకు. మన సెంట్రల్ జైలు గుర్తుందా అని అడిగాడు. 2021లో కూల్చేశారు, ఆ జాగాలో పెద్దాసుపత్రి కడుతున్నారు. ఖైదీలు నేసిన జంపఖానా ఒకటి ఆయన కౌంటర్ స్టూలు మీద ఇంకా ఉంది, అంచు చేత్తో తడిమితే తెలుస్తుంది. జైలు గురించి మాట్లాడాడు గానీ మెట్ల సంగతి ఎత్తలేదు. వీల్‌చైర్‌లో వచ్చే నా స్నేహితుడొకడు ఈ షాపులో పని చేయించుకోవాలంటే గల్లీ మొగదలే ఆగి ఫోన్ చేయాలి, ఈయన కిందికి వచ్చి కాగితాలు తీసుకుపోతాడు. వస్తాడు, విసుక్కోడు. అయినా మెట్టు మెట్టే.

రేట్లు: స్కాన్ పేజీకి మూడు రూపాయలు, దిద్ది ఇస్తే ఇంగ్లిషు ఎనిమిది, తెలుగు పదిహేను. నాకు అంతా కలిపి పన్నెండు వందల చిల్లర అయింది, చిల్లర వదిలేశారు. ఫోన్‌పే ఉంది, సౌండ్ బాక్స్ గట్టిగా అరుస్తుంది కాబట్టి డబ్బు చేరిందో లేదో మాలాంటివాళ్లకు ఎవర్నీ అడిగే పని లేదు. ఐదుకు మూడున్నర ఇస్తున్నాను, ఆ అర మార్కు ఫుట్‌నోట్లకు.

పొద్దున పదిన్నర నుంచి పన్నెండు దాకా కోర్టు రద్దీ, వెళ్లకండి. అమ్మాయి కాలేజీ నుంచి వచ్చేది నాలుగింటికి. మోరీ మీది బండ ఎడమకు ఒరుగుతుంది, కుడి అంచున కాలు పెట్టండి.