అలాస్కా ఓడలో నా కుక్కర్‌కు చోటు లేదు

ఓడ ఎక్కిన రోజు సాయంత్రం ఐదింటికల్లా మూడు పెట్టెలు గది ముందుకు వచ్చేశాయి. నాలుగోది రాలేదు. అది నాది. కాసేపటికి గదిలో ఫోన్ మోగింది, కిందికి వచ్చి పెట్టె తెరిచి చూపించమని. మా అబ్బాయి నా వంక చూసి, "అమ్మా, రైస్ కుక్కర్ పెట్టావా?" అన్నాడు.

పెట్టాను మరి. వారం రోజులు బ్రెడ్డు ముక్కలతో ఎలా గడుస్తుందని నా భయం నాది.

అబ్బాయి వాళ్లుండేది డాలస్‌లో. ఈ వేసవిలో మేం వెళ్తే సియాటిల్ నుంచి ఏడు రాత్రుల అలాస్కా క్రూయిజ్ బుక్ చేశాడు. ముందు రోజే సియాటిల్ చేరి, ఎయిర్‌పోర్టు పక్కన హోటల్లో పడుకున్నాం. ఊళ్లోని హోటళ్ల కంటే చవకే, గది కూడా శుభ్రంగా ఉంది. కానీ నాలుగు పెట్టెలతో ఓడ ఎక్కే రేవు పియర్ 91కి పెద్ద కారు మాట్లాడుకునేసరికి ఆ మిగులు కాస్తా కరిగిపోయింది.

రేవులో కూలీలు ట్యాగులు చూసుకుని పెట్టెలు తీసేసుకుంటారు. అవి స్కానింగ్ అయి గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది. అందుకని పాస్‌పోర్టులు, మందులు, ఒక స్వెట్టరు చేతిసంచీలోనే ఉండాలి. మా ఆయన బీపీ మాత్రలు పెట్టెలోనే సర్దబోతే మా కోడలు చూసి ఆపింది.

కింద ఆ గది చూస్తే నవ్వొచ్చింది. బల్ల మీద వరసగా ఇస్త్రీ పెట్టెలు, కరెంటు కెటిళ్లు, ఎక్స్‌టెన్షన్ బోర్డులు, విస్కీ సీసాలు. వాటి ముందు స్కూల్లో హెడ్‌మాస్టర్ గది బయట పిల్లల్లా తలలు వంచుకుని పెద్దవాళ్లు. సెక్యూరిటీ కుర్రాడు నేపాలీ. "ఆంటీజీ, ఖోలియే" అన్నాడు. పాత నేతచీరలో చుట్టిన కుక్కర్ బయటికొచ్చింది. దాని వెనకే జిప్ కవర్లో తెల్లటి బిళ్లలు. పక్కనున్న తెల్ల ఆఫీసరు కవరు పైకెత్తి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు, మూతి విప్పి వాసన చూశాడు. నా గుండె గొంతులోకి వచ్చింది. "కపూర్ హై సర్, పూజా కా" అని నేపాలీ కుర్రాడే ఇంగ్లీషులోనూ విడమర్చి చెప్పి గట్టెక్కించాడు. అయినా కర్పూరం, అగరుబత్తులు ఇవ్వలేదు. కర్పూరం విమానంలోనూ తేకూడదని తర్వాత అబ్బాయి చెప్పాడు. అది తెలియకే డాలస్ నుంచి మోసుకొచ్చాను. కుక్కర్‌కు మాత్రం గది నంబరు రాసిన చీటీ కట్టి, ఆఖరి రోజు తీసుకోమన్నారు.

మొదట చిరాకేసింది గానీ, కారణం వింటే కాదనలేం. నడిసముద్రంలో నిప్పంటుకుంటే పరుగెత్తడానికి చోటేదీ? 2006లో స్టార్ ప్రిన్సెస్ అనే ఓడలో బాల్కనీలో పడేసిన సిగరెట్ పీక వల్లే మంటలు లేచి ఉంటాయని దర్యాప్తులో చెప్పారు. పొగకు ఊపిరాడక ఒకరు పోయారు. అందుకే వేడెక్కేవి, వెలిగించేవి ఏవీ రానివ్వరు. మా వాడి సర్జ్ ప్రొటెక్టర్ బోర్డు, అదే కరెంటు ఒక్కసారిగా పెరిగితే కాపాడేది, అది కూడా బల్ల మీదికే చేరింది. ఓడల వైరింగ్ వేరుగా ఉంటుందట, ఆ బోర్డులే మంటకు కారణం కావచ్చట. మామూలు యూఎస్‌బీ చార్జరుకు ఏ అడ్డూ లేదు.

ఇక తిండి. ఇంట్లో వండినదీ, సీసాలో నింపుకున్నదీ కుదరదు. నా ఆవకాయ అక్కడే ఆగిపోయింది. ఇండియన్ స్టోర్లో కొన్న సీలు తీయని కారప్పొడి ప్యాకెట్లు మాత్రం హాయిగా వచ్చేశాయి. బఫేలో రోజూ అన్నం, చప్పటి పెరుగు ఉండేవి. ముందు రోజు రాత్రి డైనింగ్ హాల్లో చెప్పిపెడితే మర్నాడు పప్పు, రొట్టె చేసిచ్చారు. వంటవాళ్లలో మనదేశం వాళ్లు చాలామందే ఉన్నారు. ఫ్లాస్కు పట్టుకెళ్తే బఫేలో వేడినీళ్లు నింపుకోవచ్చు, కెటిల్ ఎందుకు? దీపం సంగతంటారా, మా కోడలు తెచ్చిన బ్యాటరీ దీపంతో సరిపెట్టుకున్నాను. దేవుడేమీ అనుకోలేదు.

బాల్కనీ గదికి చాలా ఎక్కువ పెట్టాం. నన్నడిగితే అనవసరం. హిమానీనదాలు సముద్రంలోకి దిగే గ్లేసియర్ బేలోకి రోజుకు రెండు పెద్ద క్రూయిజ్ ఓడలనే వదులుతారు. అక్కడ మంచుగోడ ముందు ఓడ ఆగి మెల్లగా చుట్టూ తిరుగుతుంది. అందరం పైడెక్కు మీదే నిలబడ్డాం, బాల్కనీ ఖాళీ. ఆ డబ్బేదో దారిలో ఓడ ఆగే స్కాగ్వే ఊళ్లో కొండలెక్కే వైట్ పాస్ రైలుకు పెట్టండి. బంగారం కోసం జనం ఎగబడ్డ రోజుల్లో, 1898లో మొదలుపెట్టి 1900కల్లా పూర్తిచేసిన నేరోగేజ్ లైను. సముద్రమట్టం నుంచి 2,865 అడుగుల ఎత్తుకు ఎక్కుతుంది. ఇంకో రేవు జూనోలో మెండెన్‌హాల్ హిమానీనదానికి బస్సు చాలు. మరో రేవు కెచికాన్‌లో వాన, ఓ కత్తి తప్ప నాకేమీ గుర్తులేదు.

చివర్లో కెనడాలోని విక్టోరియాలో ఓ సాయంత్రం ఆగుతుంది. విదేశీ జెండా ఓడలు మధ్యలో ఒక విదేశీ రేవు తాకాలన్నది 1886 నాటి అమెరికా చట్టం పుణ్యం. ఆ కాస్తంత సేపటికీ మన పాస్‌పోర్టుకు కెనడా వీసా కావాలి. నెలల ముందే అప్లై చేసుకోండి.

కెచికాన్ వానలోనే ఓ కొట్లో ‘ఊలూ’ కత్తి కనబడింది. అర్ధచంద్రంలా వంగిన పదును, పైన చెక్కపిడి. అలాస్కా ఉత్తరాది ఆదివాసీ ఆడవాళ్లు తరతరాలుగా చేపలకూ తోళ్లకూ వాడేదట. అచ్చం మన కత్తిపీటకు చెల్లెల్లా ఉంటే మనసాగక కొన్నాను. ఓడ ఎక్కేచోట స్కానర్ మళ్లీ కూసింది. అదే నేపాలీ కుర్రాడు. "ఫిర్ ఆప్?" అని నవ్వి, చీటీ రాసిచ్చాడు. అక్కడి కొట్లలో ఎలుగుబంట్ల మీద కొట్టే స్ప్రే కూడా అమ్ముతారు, ఓడలోకి మాత్రం దాన్నీ రానివ్వరు.

ఆఖరి రోజు కుక్కర్, ఊలూ రెండూ చేతికొచ్చాయి. విమానంలో కత్తి పెద్దపెట్టెలోనే వేయాలి, చేతిసంచీలో పెడితే అక్కడ మళ్లీ మొదలు. డాలస్ చేరాక దాంతోనే బెండకాయలు తరిగాను. బాగానే తెగాయి, కూర్చోడానికి పీటే లేదు.