చేతులు మారే మట్టిబొమ్మ: చాలాకాలం ఆడించాక మా సమీక్ష

ఈ ఆటలో గెలుపోటములు లేవు. ఐదుగురు పిల్లలకు ఒక చెక్క పలక, తలా పావుకిలో మట్టి. మూడు నిమిషాలకోసారి పలక కుడిపక్కకు జరుగుతుంది. ఎవరి ముందుకొస్తే వాళ్లు బొమ్మకు ఏదో ఒకటి అతకాలి. ముందువాళ్లు పెట్టింది తీయాలన్నా, వంచాలన్నా వాళ్లను అడిగి తీరాలి. ఆట ప్రాణమంతా ఈ అడగడంలోనే ఉంది. ఎన్నిసార్లు ఆడించినా మాకు దీని మీద ఇష్టం తగ్గలేదు.

మట్టి కుదరకపోతే మాత్రం పిల్లలు పది నిమిషాల్లో లేచిపోతారు. వరంగల్ చుట్టుపక్కల సులువుగా దొరికే నల్లరేగడి ఒక్కటే వాడితే పనికాదు: నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండేటప్పుడు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. చెరువు పూడిక తెస్తే వేర్లు, గులకరాళ్లు, నత్తగుల్లలు ఏరి జల్లెడ పట్టాలి. కుమ్మరుల దగ్గర తొక్కి ఉంచిన మట్టే అన్నిటికన్నా మేలు. నాలుగు పాళ్ల మట్టికి ఒక పాలు సన్న ఇసుక కలిపితే పగుళ్లు తగ్గుతాయి. పెన్సిల్ మందాన తీగలా పామి వేలికి చుట్టి చూడండి. చిట్లితే నీళ్లు చాలలేదు, వేలికి అంటుకుంటే ఎక్కువయ్యాయి. మైదా ముద్ద వద్దు, వానాకాలం బూజు పడుతుంది.

పిల్లలు ఎక్కువగా అడిగేది ఖిలా వరంగల్ కీర్తి తోరణం. కోటలో నాలుగు దిక్కులా నాలుగున్నాయి కాబట్టి నాలుగు జట్లకు తలా ఒకటి ఇవ్వొచ్చు. జానెడు స్తంభం రెండు వేళ్ల మందం ఉంటేనే నిలబడుతుంది. అరగంట ఆరనిచ్చాకే పైదూలం పెట్టాలి. లోపల చీపురుపుల్ల గుచ్చి వదిలేయొద్దు: మట్టి ముడుచుకుంటుంది, పుల్ల ముడుచుకోదు, స్తంభం నిలువునా చీలుతుంది. ఎండాకాలంలో పలక చేతులు మారేలోపే పైపొర ఆరిపోతుంది. అతికే చోట రెండువైపులా దువ్వెనపళ్లతో గీకి, చిక్కటి మట్టిజావ పూసి నొక్కాలి. వట్టి నీళ్లతో అతికించింది ఎండగానే ఊడుతుంది.

లోపం ఒకటే. ఒకరు చేస్తుంటే నలుగురు ఖాళీగా కూర్చుంటారు. వాళ్లకు జావ కలపడం, ఉండలు చేయడం అప్పగిస్తే సరిపోతుంది. ఆరుగురు దాటితే రెండు పలకలు తప్పవు. ఐదేళ్లలోపు పిల్లలకు ఇది నప్పదు, బొమ్మను చేతినుంచి వదలరు.

బొమ్మ ఎవరింటికి వెళ్లాలన్న గొడవ రాకుండా, మళ్లీ నానబెడతామని మొదటే చెప్పండి. పూర్తిగా ఎండాకే బకెట్లో వేయాలి. సగం ఆరింది రోజులు గడిచినా కరగదు.