ఆరేళ్ళ వాడకం తర్వాత ఆర్‌ఎమ్‌ఈ ఏడీఐ-2 డాక్

రాత్రి పదకొండు దాటిందంటే మా ఇంట్లో ఘంటసాల ఎడమ పక్కకు జరిగిపోయేవారు. పగలంతా రెండు స్పీకర్లకు నడిమధ్యన నిలబడి పాడే మనిషి, పక్క ఫ్లాటువాళ్ళు పడుకున్నారు కదా అని సౌండ్ తగ్గించేసరికి ఎడమ స్పీకర్ మీదికి ఒరిగేవారు. మొదట నా చెవినే అనుమానించాను. డాక్టరు దగ్గరికి వెళ్ళి గుబిలి కూడా తీయించుకొచ్చాను. ఘంటసాల మాత్రం మధ్యకు రాలేదు.

దోషం నా పాత ఆంప్లిఫయర్ వాల్యూమ్ నాబ్‌లో ఉంది. అలాంటి నాబ్ వెనక ఒకే ఇరుసు మీద తిరిగే రెండు రెసిస్టెన్స్ పట్టీలుంటాయి, ఎడమకొకటి, కుడికొకటి. నాబ్ మధ్యలో ఉన్నంతసేపు రెండూ జోడెద్దుల్లా కలిసే నడుస్తాయి. సున్నాకు దగ్గరపడే కొద్దీ వాటి మధ్య రెండు మూడు డెసిబెళ్ళ తేడా రావడం మామూలే. స్టీరియో పాటల్లో ఆ తేడా పెద్దగా తెలియదు. ఘంటసాల, లీల పాడిన పాత పాటలు మోనో. రెండు స్పీకర్లలోనూ సమానంగా వస్తేనే గొంతు మధ్యలో నిలుస్తుంది. అందుకే నాబ్ గుట్టు ముందుగా ఆ పాటలే బయటపెట్టాయి.

2019 చివర్లో నేను ప్రీఆంప్ (పవర్ ఆంప్ కన్నా ముందుండి వాల్యూమ్ చూసుకునేది), డాక్ (కంప్యూటర్లోని అంకెలను పాట సిగ్నల్‌గా మార్చేది) కలిసిన డబ్బా కోసం వెతకడం మొదలుపెట్టింది ఇందుకే. వాల్యూమ్‌ను డిజిటల్‌గా, అంటే లెక్కలో తగ్గిస్తే ఎడమా కుడీ ఎంత చిన్న సౌండ్ దగ్గరైనా తేడా లేకుండా ఉంటాయి. అప్పటికే నా పాటలన్నీ కంప్యూటర్లో ఉన్నాయి, సీడీ ప్లేయర్ అటక మీద ఉంది. అమెరికా వాళ్ళ బెంచ్‌మార్క్ డాక్3 హెచ్‌జీసీ చూశాను. మంచిదే, అనలాగ్ ఇన్‌పుట్లు కూడా రెండు జతలున్నాయి, కానీ ధర నేననుకున్నదానికి దాదాపు రెట్టింపు. చైనా డబ్బాలు చూశాను. కొలతల్లో వంక పెట్టడానికి లేదు, ధర సగం. అయితే నేను చూసినవాటిలో బాస్, ట్రెబుల్ సర్దుకునే వీలు దేనికీ లేదు. చివరికి జర్మనీ కంపెనీ ఆర్‌ఎమ్‌ఈ వాళ్ళ ఏడీఐ-2 డాక్ దగ్గర ఆగాను. లక్షకు కాస్త అటూ ఇటూ అయింది. పెట్టె విప్పాక మా ఆవిడ దాన్ని ఒంటి చేత్తో ఎత్తి చూసి, "ఇంతేనా?" అంది.

నా మిగతా సామాను: 26 డెసిబెళ్ళ గెయిన్ ఉన్న పవర్ ఆంప్, 87 డెసిబెళ్ళ సెన్సిటివిటీ (ఇచ్చిన కరెంటుకు ఎంత సౌండ్ చేస్తాయో చెప్పే అంకె) ఉన్న షెల్ఫ్ స్పీకర్లు. ఈ రెండు అంకెలూ ఎందుకు చెబుతున్నానంటే, ప్రీఆంప్ కొనేవాళ్ళు ముందు చూసుకోవలసినవి అవే. చాలామంది లోపలి డాక్ చిప్ పేరు అడుగుతారు, ఈ లెక్క అడగరు.

26 డెసిబెళ్ళ గెయిన్ అంటే లోపలికి వచ్చిన వోల్టేజీని ఆంప్ 20 రెట్లు చేస్తుంది. 1 వోల్టు ఇస్తే 20 వోల్టులు, 8 ఓమ్‌ల స్పీకర్ మీద 50 వాట్లు. మధ్యతరగతి హాలుకు అదే ఎక్కువ. ఏడీఐ-2 డాక్ వెనక మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ అవుట్‌పుట్‌కు నాలుగు మెట్లున్నాయి: +1, +7, +13, +19 డీబీయూ (వోల్టేజీని డెసిబెళ్ళలో చెప్పే కొలత). పై మెట్టులో దాదాపు 7 వోల్టులు వస్తాయి. నా ఆంప్‌కి అది సముద్రాన్ని చెంబులో పోయడమే. ఆ మెట్టులో ఉంచి రాత్రి పాటలు వింటే వాల్యూమ్ మైనస్ 42 డెసిబెళ్ళ దగ్గరుండాలి. సిగ్నల్‌ను అంత తొక్కేస్తాం గానీ, డబ్బా సొంత సుస్సుమనే శబ్దం మాత్రం అలాగే ఉండిపోతుంది. అదే +7 మెట్టులో పెడితే 1.7 వోల్టులు, రాత్రి వాల్యూమ్ మైనస్ 30. ట్వీటర్‌కు చెవి ఆనించినా నాకు ఏమీ వినబడదు. ఈ మెట్లు లెక్కలో మారేవి కావు, లోపల రిలేలు, అంటే కరెంటుతో కదిలే చిన్న స్విచ్చులు, టక్కుమని మార్చేవి. వాల్యూమ్ తిప్పుతుంటే దానంతటదే మెట్టు మార్చుకునే ఏర్పాటూ ఉంది. ఆ టక్కు టక్కు నాకు నచ్చక ఆపేశాను. ఆర్‌సీఏ వైర్లు వాడేవాళ్ళకు ప్రతి మెట్టూ 6 డెసిబెళ్ళు కిందికి ఉంటుంది, వాళ్ళకు ఈ బాధ ఇంకా తక్కువ.

ఇక లౌడ్‌నెస్ సంగతి. పాత టేప్‌రికార్డర్ల మీద ఈ పేరుతో ఒక బటన్ ఉండేది, గుర్తుందా? నొక్కితే బాస్ ఉబ్బేది, ఎంత సౌండ్ పెట్టినా అలాగే ఉబ్బి ఉండేది. దాని వెనకున్న సంగతి మాత్రం నిజమే. చిన్న సౌండ్ దగ్గర మన చెవికి బాస్ శబ్దాలు ముందు మాయమవుతాయి. 1933లోనే బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ ఈ సంగతిని కొలిచి గీతలు గీశారు. ఆ పాత బటన్‌కు వాల్యూమ్ ఎంతుందో తెలియదు. ఏడీఐ-2 డాక్‌కు తెలుసు, ఎందుకంటే వాల్యూమ్ తగ్గించేది అదే. ఏ అంకె దగ్గర బాస్ పూర్తిగా పెరగాలో మనం చెబుతాం. అక్కణ్ణుంచి 20 డెసిబెళ్ళు పైకి వెళ్ళేలోపు ఆ పెంపు కొద్దికొద్దిగా కరిగి సున్నా అవుతుంది. నేను మైనస్ 35 దగ్గర బాస్ 6, ట్రెబుల్ 2 పెట్టుకున్నాను. పగలు మైనస్ 15కు వచ్చేసరికి అదేమీ ఉండదు.

ఈ ఒక్కదానికే ఆ డబ్బు ఇవ్వొచ్చని నాకు అనిపిస్తుంది. రాత్రి మృదంగం తొప్పి, అంటే బాస్ పలికే ఎడమ పక్క, వినపడాలంటే ఇంతకుముందు సౌండ్ పెంచాల్సి వచ్చేది, పెంచితే పక్కింటి వాళ్ళు గోడ తట్టేవారు. ఇప్పుడు గొంతు ఎంత మెల్లగా వస్తుందో మృదంగం దానికి తగ్గట్టే కింద నిలబడుతుంది. అపార్టుమెంట్లలో ఉండే మనకు, అర్ధరాత్రి తప్ప తీరిక దొరకనివాళ్ళకు, ఏ చిప్పూ ఇవ్వని మేలు ఇది.

గది గురించి కూడా చెప్పాలి. మా హాలు 14 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. కప్పు ఎత్తు కూడా దాదాపు 10 అడుగులే. నేల మార్బుల్, గోడలు కాంక్రీటు. 10 అడుగుల దూరంలో ఎదురెదురుగా రెండు గట్టి గోడలుంటే వాటి మధ్య 56 హెర్ట్జ్ దగ్గర శబ్దం నిలబడిపోతుంది. వెడల్పూ ఎత్తూ ఒకటే కావడంతో మాకు అది రెండింతలు. అవేవీ తెలియక నేను అప్పటిదాకా స్పీకర్లను తిట్టుకున్నాను. ఇళయరాజా పాటలు పెడితే బాస్ గిటార్‌లో ఒక్క స్వరం మాత్రం డోలు కొట్టినట్టు వచ్చేది, పక్క స్వరాలు మామూలుగా ఉండేవి. నాలుగు తీగల బాస్ గిటార్‌లో మూడో తీగను ఒట్టిగా మీటితే 55 హెర్ట్జ్! గది, గిటారు ఒకే శ్రుతిలో కూర్చున్నాయన్నమాట.

స్నేహితుడి దగ్గర యూమిక్-1 మైకు అరువు తెచ్చి, ఆర్‌ఈడబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కొలిస్తే అక్కడ కొండ కనబడింది. డబ్బాలో ఐదు బ్యాండ్ల పారామెట్రిక్ ఈక్వలైజర్ ఉంది, అంటే మనం చెప్పిన ఐదు చోట్ల సౌండ్‌ను పెంచే, తగ్గించే ఏర్పాటు. 56 హెర్ట్జ్ దగ్గర, సన్నగా, 7 డెసిబెళ్ళు కోసేశాను. మిగతా నాలుగింట్లో ఒకటి 40 దగ్గర వాడాను, మూడు ఖాళీగానే ఉన్నాయి. ఉన్న కొండలు కోయొచ్చు గానీ, గోతులు పూడ్చాలని చూడకండి. గది మింగేసే చోట ఎంత పోసినా మింగుతూనే ఉంటుంది, ఈలోపు ఆంప్ ఊపిరి ఆగిపోతుంది. ఆ తప్పు నేను రెండు వారాలు చేశాను.

మెనూకు అలవాటు పడడానికి నాకు నెల పట్టింది. నాబ్‌ను తిప్పడం వేరు, నొక్కడం వేరు, నొక్కి పట్టుకోవడం వేరు. మాన్యువల్ పెద్దది, కానీ ఎందుకు అలా చేశారో కూడా చెబుతుంది. ఓపిగ్గా చదివితే సగం సందేహాలు అక్కడే తీరతాయి. రిమోట్ మీద 1 నుంచి 4 దాకా బటన్లుంటాయి, వాటికి మనకు కావలసిన పనులు అప్పజెప్పొచ్చు. నేను ఒకదానికి మోనో ఇచ్చాను. యూట్యూబ్‌లో పాత పాటలకు లేని స్టీరియో పులిమి పెడుతుంటారు కొందరు. గొంతు ఒక చెవిలో, వయొలిన్లు ఇంకో చెవిలో. మోనో నొక్కితే చాలావరకు ఆ మేకప్ పోతుంది.

మొదటి వారంలోనే గుయ్‌మనే హమ్ ఒకటి పట్టుకుంది. కంప్యూటర్ నుంచి యూఎస్‌బీ, డబ్బా నుంచి ఆర్‌సీఏ, పవర్ ఆంప్ వేరే ప్లగ్గులో. కంప్యూటర్‌కూ పవర్ ఆంప్‌కూ ఎర్తింగ్ ఉంది, దారులు వేరు. ఆ దారుల మధ్య పారే చిన్న కరెంటే హమ్ అయి వినబడుతుంది. దీనికి డబ్బాను తప్పుపట్టేదేమీ లేదు. రెండింటినీ ఒకే ప్లగ్ బోర్డులో పెట్టి, ఆర్‌సీఏ తీసేసి ఎక్స్‌ఎల్‌ఆర్ వైర్లు వేస్తే పోయింది. మీ ఆంప్‌కి ఎక్స్‌ఎల్‌ఆర్ లేకపోతే కంప్యూటర్ నుంచి యూఎస్‌బీ బదులు ఆప్టికల్ వైరు వాడి చూడండి. అది వెలుగు మోసే వైరు, కరెంటు మోయదు. కరెంటు పోయి మా పాత ఇన్వర్టర్ ఎక్కినప్పుడు వచ్చే బర్రుమనే మోత మాత్రం పవర్ ఆంప్ ట్రాన్స్‌ఫార్మర్‌ది. దానికి నా దగ్గర మందు లేదు, ఆ గంటసేపూ పాటలు మానేస్తాం.

టీవీ కథ కొంచెం వేరు. ఇందులో హెచ్‌డీఎమ్‌ఐ లేదు, టీవీని ఆప్టికల్ మీద కలపాలి. టీవీ సెట్టింగుల్లో ఆడియోను పీసీఎమ్ అని పెట్టకపోతే, డాల్బీ సిగ్నల్ వచ్చినప్పుడు ఏమీ వినబడదు. టీవీ రిమోట్‌తో వాల్యూమ్ మారదు, దీని రిమోటే వాడాలి. మా అమ్మకు రెండు రిమోట్లు ఇచ్చి నేర్పడం ఒక యజ్ఞం. ఆవిడ రెండు రోజులు ప్రయత్నించి, "నా సీరియల్ టీవీలోనే వినపడనీ నాయనా" అంది. ఇప్పుడు టీవీ దారి టీవీదే.

చిప్ గురించి అడిగేవాళ్ళకు నా దగ్గర ఒక అనుభవం ఉంది. నాది మొదట్లో వచ్చిన రకం, లోపల జపాన్ ఏకేఎమ్ చిప్. 2020 అక్టోబరులో నొబెయోకాలో ఆ చిప్పులు చేసే ఫ్యాక్టరీ తగలబడింది. చిప్పులు దొరక్క ఎన్నో కంపెనీలు డిజైన్లు మార్చుకున్నాయి. ఏడీఐ-2 డాక్‌లోకి కూడా తర్వాత ఈఎస్‌ఎస్ కంపెనీ చిప్ వచ్చింది. మా విశాఖలోనే సీతమ్మధారలో ఉండే స్నేహితుడు ఆ కొత్త రకం కొన్నాడు. ఏకేఎమ్‌ది మెత్తని గొంతు, ఈఎస్‌ఎస్‌ది పదునైన గొంతు అని నేనే అతనికి నమ్మకంగా చెప్పాను. ఒక ఆదివారం రెండు డబ్బాలూ ఒకచోట పెట్టాం. 100 హెర్ట్జ్ టోన్ వేసి స్పీకర్ టెర్మినళ్ళ దగ్గర మల్టీమీటర్‌తో కొలిచి వోల్టేజీ సమానం చేశాం. ముందు దుప్పటి కట్టి, వెనక మా అమ్మాయి వైర్లు మారుస్తుంటే నేను చెప్పాలి. పదహారుసార్లలో తొమ్మిదిసార్లు సరిగ్గా చెప్పాను. రూపాయి బిళ్ళ ఎగరేసినా ఇంతే వస్తుంది కదా అంది మా అమ్మాయి. వైర్లు మార్చడానికి అరనిమిషం పట్టేది కాబట్టి ఇది గొప్ప పరీక్షేమీ కాదు, ఒప్పుకుంటాను. కానీ మెత్తన, పదును అన్న మాటలు ఆ రోజు నుంచి నేను వాడడం లేదు.

విశాఖ గాలి సంగతి ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. ఉప్పు దేన్నీ వదలదు. ఆరేళ్ళలో, తీసి పక్కన పెట్టిన ఆర్‌సీఏ వైర్ల ప్లగ్గులు కూడా నల్లబడ్డాయి. రెండు మూడు నెలలకోసారి అన్ని ప్లగ్గులూ తీసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడుస్తాను. డబ్బా రోజుకు ఐదారు గంటలు నడుస్తుంది. గోరువెచ్చగా ఉంటుంది అంతే. రిమోట్‌లో బ్యాటరీ తప్ప నేను దేనికీ ఖర్చు పెట్టలేదు. తెర మీద ఎగిరే రంగుల గీతలు మొదటి ఏడాది సరదాగా చూశాను. తర్వాత తెర దానంతటదే ఆరిపోయే సెట్టింగు పెట్టేశాను.

రికార్డ్ ప్లేయర్ ఉన్నవాళ్ళు మాత్రం ఇది కొనకండి. అనలాగ్ ఇన్‌పుట్ లేదు. కొనేముందే నాకా సంగతి తెలుసు, నాన్నగారి ఎల్పీలన్నీ ఒక వేసవి సెలవుల్లో కంప్యూటర్లోకి ఎక్కించేశాను. ఎల్పీలు ఎల్పీలుగానే వినాలనుకుంటే 2022లో వచ్చిన వీళ్ళదే ఏడీఐ-2/4 ప్రో ఎస్‌ఈ ఉంది, దానికి రికార్డ్ ప్లేయర్ సిగ్నల్‌ను సరిచేసే ఏర్పాటు లోపలే ఉంది, ధర మాత్రం బాగా ఎక్కువ. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు, టీవీ కూడా కలపాలనుకునేవాళ్ళు 2024లో వచ్చిన వీమ్ అల్ట్రా లాంటివి చూడండి. హెచ్‌డీఎమ్‌ఐ, రికార్డ్ ప్లేయర్‌కు ఫోనో ఇన్‌పుట్ రెండూ ఉన్నాయి, ధర దీంట్లో సగం కూడా ఉండదు. ఈరోజు కొత్తగా కొనేటట్టయితే నేనూ ముందు దాన్ని ఇంటికి తెచ్చుకుని, రాత్రి పదకొండు తర్వాత చిన్న సౌండ్‌లో వారం రోజులు విని, అప్పుడు ఆలోచిస్తాను.

సెకండ్‌హ్యాండ్‌లో ఏడీఐ-2 డాక్ దొరికితే, ఏకేఎమ్ చిప్ అని చెప్పి ఎక్కువ అడిగితే ఇవ్వకండి. అడాప్టర్ అసలుదేనా చూడండి, దాని పిన్ను తిప్పితే లాక్ అవుతుంది. నాలుగు మెట్లూ మార్చి రిలేలు టక్కుమంటున్నాయో లేదో వినండి. రిమోట్ పోయిందంటే మాత్రం ఆ మేరకు ధర తగ్గించమనండి, సోఫాలోంచి లేవకుండా వాడాల్సిన డబ్బా ఇది.