గ్యాస్ బండల పంపకం: పెద్దాయనకీ కుర్రాడికీ ఏ లెక్క మేలు?

గ్యాస్ ఏజెన్సీలు నడిపేవాళ్లూ గోడౌన్ సూపర్‌వైజర్లూ తిప్పితిప్పి అడిగేది ఒకటే. 50 దాటిన డెలివరీ మనిషికీ 25 ఏళ్ల కుర్రాడికీ ఒకే లెక్కన బండలు ఇవ్వాలా, పెద్దాయనకి తగ్గించాలా? తగ్గిస్తే కుర్రాళ్లు గొణుగుతారు. తగ్గించకపోతే పెద్దాయన నెలకి నాలుగు రోజులు మోకాలు వాచి సెలవు పెడతాడు, ఆ లోడు మళ్లీ కుర్రాళ్ల మీదే పడుతుంది.

ఎక్కువ ఏజెన్సీల్లో నడిచేది తలకి ఇన్ని బండలు అనే లెక్క. పొద్దున్నే బిల్లులు పంచుతారు, మనిషికి 30 అంటే అందరికీ 30. రాసుకోవడం తేలిక, గొడవ తక్కువ. ఇక్కడ ఒక లెక్క తప్పిపోతోంది. ఇంటి బండలో గ్యాస్ 14.2 కిలోలు, ఖాళీ బండ 15 కిలోల పైచిలుకు (పైన పట్టీ మీద కొట్టి ఉంటుంది). నిండు బండ దాదాపు 30 కిలోలు. రెండు చేతులతో, ఒంటికి దగ్గరగా, నడుము తిప్పకుండా, నిలబడ్డ చోటే ఎత్తడానికి అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూత్రంలో పై హద్దు 23 కిలోలు. మన బండ అక్కడే దాటిపోయింది. ఆ సూత్రం మెట్లెక్కే పనికి వర్తించదు కూడా. అంటే కుర్రాడికైనా ఇది ఊరికే అయ్యే పని కాదు. 30 బండలు లిఫ్టులో పంపడమూ, అవే 30 భుజాన వేసుకుని మూడో అంతస్తుకి ఎక్కడమూ ఒకే పని ఎలా అవుతుంది?

రెండోది బండకి ఇంత అని ఇచ్చే పద్ధతి. ఎన్ని వేస్తే అంత డబ్బు. కుర్రాళ్లకి ఇదే ఇష్టం, యజమానికీ తలనొప్పి తక్కువ. పెద్దాయన వేగం తగ్గేకొద్దీ ఆదాయం తగ్గుతుంది. దాన్ని నిలబెట్టుకోవడానికి ఒకేసారి రెండు ఖాళీలు చెరో చేత్తో పట్టుకుని దిగుతాడు. కింద మెట్టు కనపడదు. మోకాలికి ఎక్కడం కన్నా దిగడమే ఎక్కువ దెబ్బ, పైగా చేతుల్లో 30 కిలోలు. జారి పడితే నెల జీతం పోయినట్టే.

మూడోది సీనియర్లకి తేలిక లైను ఇవ్వడం. కొత్త అపార్టుమెంట్లున్న కాలనీ పెద్దాయనకి, పాత మేడలున్న బజారు కొత్తగా చేరిన కుర్రాడికి. చూడ్డానికి గౌరవంగా ఉంటుంది, చాలాచోట్ల ఇదే మర్యాదగా చెల్లుతోంది కూడా. కానీ ఈ కుర్రాడు పదిహేనేళ్లు ఆ పాత మేడలే ఎక్కితే 40 ఏళ్లకే అతని మోకాళ్లు పెద్దాయన మోకాళ్లవుతాయి. అప్పటికి తేలిక లైను ఖాళీ ఉంటుందా అంటే ఎవరూ చెప్పలేరు. ఒకరి నొప్పి ఇంకొకరికి బదిలీ చేశారు, తగ్గించలేదు.

నాలుగోదే నేను మొగ్గేది: అంతస్తు లెక్క. మనిషి వయసు చూడకుండా, బండ ఎన్ని మెట్లెక్కిందో చూసి పాయింట్లు వేయడం. నా దృష్టిలో అసలు తేడా అంతా ఇక్కడే ఉంది.

గ్రౌండ్ ఫ్లోరైనా, పనిచేసే లిఫ్టున్న ఇల్లైనా బండకి 2 పాయింట్లు. మెట్ల మీద ప్రతి అంతస్తుకీ ఒకటి కలపాలి. మొదటి అంతస్తు 3, రెండోది 4, మూడోది 5. ఉదాహరణకి రెండు లైన్లు, చెరో 30 బండలు. కాలనీ లైనులో 22 లిఫ్టువో గ్రౌండువో, 8 మొదటి అంతస్తువి: 44, 24 కలిపి 68 పాయింట్లు. బజారు లైనులో 6 గ్రౌండు, 8 మొదటి అంతస్తు, 9 రెండో అంతస్తు, 7 మూడో అంతస్తు: 12, 24, 36, 35 కలిపి 107. బండలు సమానమే, ఎక్కిన అంతస్తులు మాత్రం 8కి 47. అంతస్తుకి 18 మెట్లనుకుంటే బజారు లైను మనిషి నిండు బండతో 846 మెట్లు ఎక్కాడు, ఖాళీతో అన్నే దిగాడు.

ఇప్పుడు బజారు లైనులోని 6 గ్రౌండు, 2 మొదటి అంతస్తు బండలు కాలనీ లైనుకి మార్చండి. కాలనీకి 38 బండలు, 86 పాయింట్లు. బజారుకి 22 బండలు, 89 పాయింట్లు. ఇదివరకు బండకి 20 రూపాయల చొప్పున ఇద్దరికీ కలిపి 1,200 ఇస్తున్నారనుకుంటే, అదే 1,200ని 175 పాయింట్లకి పంచితే కాలనీకి సుమారు 590, బజారుకి 610. యజమానికి అదనపు రూపాయి పడలేదు. పెద్దాయన కాలనీ తీసుకుంటే అతనికి దయతో ఇచ్చినట్టు కాదు, తన పాయింట్లు తను సంపాదించుకున్నట్టే. కుర్రాడు గొణగడానికి సందు లేదు, ఎందుకంటే అతని మెట్లకి డబ్బు పడింది. కావాలంటే లైన్లు వారం వారం మార్చుకోనివ్వండి.

2 పాయింట్లు, 1 పాయింటు అన్నవి శాసనం కాదు. వారం రోజులు బండి ఆగినప్పటి నుంచి ఖాళీ బండ మళ్లీ బండెక్కేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకుని మీ ఊరికి సరిపడేలా సర్దుకోండి. అయితే టైమొక్కటే చూస్తే మెట్లకి తక్కువ పడుతుంది. ఒంటి అలుపు గడియారంలో కనపడదు కాబట్టి పై అంతస్తులకి కాస్త ఎక్కువే వేయండి.

చెడేది ఎక్కడంటే, లిఫ్టు ఉంటుంది, బండని లిఫ్టులో ఎక్కనివ్వరు. చాలా అపార్టుమెంట్లలో వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేసి మెట్లు చూపిస్తాడు. కరెంటు పోయి లిఫ్టు ఆగినా అంతే. అందుకే పుస్తకంలో "లిఫ్టు ఉంది" అని రాసుకుంటే చాలదు, "బండని ఎక్కనిస్తారు" అని విడిగా రాసుకోవాలి. ఆ రోజు లిఫ్టు ఆగిందని మనిషి గోడౌన్‌కి ఫోన్ చేస్తే పాయింట్లు వెంటనే మార్చాలి. సాయంత్రం అడగమంటే ఎవరూ అడగరు, మూడో వారానికి పద్ధతే చచ్చిపోతుంది. ఇంకోటి, ఇల్లు తాళం. పైకెక్కాక తాళం కనపడితే నిండు బండ తిరిగి మోసుకొచ్చినందుకు అంతస్తు పాయింట్లు పూర్తిగా ఇవ్వాలి. డెలివరీ కోడ్ కోసం ఇంటావిడ ఊళ్లో ఉన్న భర్తకి ఫోన్ చేస్తుంటే వాకిట్లో నిలబడ్డ పది నిమిషాలకి పాయింటు ఇవ్వక్కర్లేదు గానీ, పై అంతస్తు ఇళ్లకి బయల్దేరే ముందే ఫోన్ చేసి కోడ్ సిద్ధంగా ఉంచమని చెప్పించడం మీ పని. ఇక నష్టం: ఒకే బజారులోకి రెండు బళ్లు వెళ్లాల్సి వస్తే డీజిల్ కాస్త పెరుగుతుంది. పక్కపక్క వీధుల్నే మార్చుకుంటే అది పెద్దగా తెలియదు.

అన్నట్టు, బిల్లు మీద 30, 50 అదనంగా అడుగుతున్నారన్న ఫిర్యాదుల గురించీ ఒక మాట. ఇంటి దాకా చేర్చే ఖర్చు బండ ధరలోనే ఉంది, అడగడం తప్పే. కానీ అడిగేది ఎక్కువగా ఏ ఇళ్లలోనో గమనించండి. లిఫ్టు లేని రెండో, మూడో అంతస్తుల్లో. ఏజెన్సీ మెట్లకి లెక్క కట్టకపోతే మోసినవాడు గుమ్మం దగ్గర తనే కట్టుకుంటాడు.

బండికి ఇద్దరేసి, పెద్దాయన డ్రైవింగూ బిల్లులూ, కుర్రాడు మోత అనే ఏర్పాటూ ఉంది. ఇద్దరి కూలి ఒక బండి మీద గిట్టేది ఇరుకు సందుల్లోనే, పైగా మూడో పద్ధతిలో చెప్పిన చిక్కే ఇక్కడా. మెట్లెక్కే మూడు చక్రాల ట్రాలీలు ఇరుకు మలుపుల దగ్గర తిరగవు. 10 కిలోల గ్యాస్ పట్టే కాంపోజిట్ (ఫైబరు) బండ, నిండుగా ఉన్నా, ఇనుప బండలో దాదాపు సగం బరువే, కానీ డిపాజిట్ ఎక్కువ, తీసుకున్న ఇళ్లు తక్కువ.

ఏ పద్ధతైనా, నిజంగా మోయలేని స్థితికి వచ్చిన మనిషికి మెట్ల పనే ఇవ్వకండి. ఇళ్లలో రబ్బరు ట్యూబులు అయిదేళ్లకోసారి మార్చాలి, స్టవ్ కనెక్షన్లు తనిఖీ చేయాలి. గ్యాస్ వాసన వస్తే వాల్వు లోపల వాషరు పోయిందో, రెగ్యులేటరు సరిగ్గా కూర్చోలేదో చెప్పగలిగేది పాతికేళ్లు ఈ పనిలో ఉన్నవాడే. తనిఖీ శిక్షణ ఇప్పించి, ఇంటికి 4 పాయింట్లు వేసి రోజుకి కొన్ని అతనికి రాయండి. మే నెలలో మాత్రం అందరికీ మూడో అంతస్తు బండలు ఉదయం 11 లోపే అయిపోయేలా బిల్లులు వరస పెట్టండి.